భానుమతి రూటే వేరు

‘మిస్సమ్మ’లో మేరీ వేషం మొదట భానుమతిదే. కొన్ని రీళ్లు తీశాక, ఓ రోజు ఆలస్యంగా వచ్చారని నిర్మాత చక్రపాణితో పేచీ వచ్చింది. సారీ చెప్పమన్నారు. ఆవిడా చెబుతారు!

వేషం సావిత్రికి దక్కింది. 1955లో సినిమా విడుదలై, సావిత్రి దశ తిరిగింది.

దొడ్డవరంలో పుట్టిన భానుమతి 1939లో ‘వరవిక్రయం’తో తెరకెక్కారు. ‘మల్లీశ్వరి’లో తన పాటలు తనే పాడుకున్నారు. భర్త రామకృష్ణతో కలిసి భరణీ స్టూడియో నడిపారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో స్వయంగా డైరెక్ట్ చేశారు. మగవాళ్లే మెగాఫోన్ పట్టే కాలమది. ఇది చిన్న విషయమేం కాదు.

పొగరన్నారు కొందరు. ఆవిడ చేతిలో అన్ని విద్యలున్నాయి మరి.

పైగా రచయిత్రి కూడా. ‘అత్తగారి కథలు’ చదవనివాళ్లు వెంటనే వెతికి పట్టుకోండి.