ప్రోటాన్‌ను కొలిచిన యంత్రం, రాయవేలూరు దారిలో

1933లో ఒట్టో స్టెర్న్ హాంబర్గులో ప్రోటాన్ అయస్కాంత భ్రామకాన్ని, అంటే అది ఎంత బలమైన అయస్కాంతమో తెలిపే రాశిని కొలిచినప్పుడు, నలుసంత నిర్మాణం కూడా లేని బిందువుకు సిద్ధాంతం చెప్పిన విలువను అది ఎంతో మించిపోయింది. ఆ రెండు విలువల నిష్పత్తి తర్వాతి కొలతల్లో 2.79గా స్థిరపడింది. విద్యుదావేశమే లేని న్యూట్రాన్ కూడా అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని తేలడంతో, ఈ రెండు కణాల లోపల ఆవేశాలు, విద్యుత్ ప్రవాహాలు ఏదో రీతిన పరచుకొని ఉండాలన్న అనుమానం బలపడింది.

దానిని తేల్చిన యంత్రం లీనియర్ యాక్సిలరేటర్. వరుసగా అమర్చిన రాగి గదుల గుండా మైక్రోవేవ్ తరంగాలను పంపి, వాటి తోపుతో ఎలక్ట్రాన్లను కాంతివేగానికి చేరువగా పరుగెత్తించే ఈ గొట్టాన్ని స్టాన్‌ఫర్డులో విలియం హాన్సెన్ బృందం నిర్మించింది; అయితే 1949లో మరణించిన హాన్సెన్ దాని ఘనఫలితాలను చూడలేకపోయాడు. ఎలక్ట్రాన్ శక్తి పెరిగినకొద్దీ దాని తరంగదైర్ఘ్యం తగ్గి, అంత చిన్న వివరాలు చూపగలుగుతుంది. అక్కడి భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ హాఫ్‌స్టాటర్ ఆ ఎలక్ట్రాన్లను, కేంద్రకంలో ఒక్క ప్రోటానే ఉండే హైడ్రోజన్ మీదికి పంపి, ఏ కోణంలోకి ఎన్ని చెదురుతున్నాయో లెక్కించగా, పెద్ద కోణాల్లో అవి బిందువు విషయంలో ఉండవలసినదానికంటే తక్కువగా కనిపించాయి. ఈ తగ్గుదలను తెలిపే రాశినే ఆకృతి గుణకం అంటారు. దాని నుంచే ఆవేశం ఎంత దూరం పరచుకుందో లెక్క కట్టవచ్చు. సెంటీమీటరును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక భాగానికి ముప్పాతిక వంతు ప్రోటాన్ వ్యాసార్ధమని 1955-56 నాటి ఆ ప్రయోగాలు చెప్పాయి. ఒంటరి న్యూట్రాన్ పావుగంటలో విచ్ఛిన్నమయ్యేది కనుక, దానిని ప్రోటాన్‌తో జతగా ఉండే డ్యుటీరియంలో పరిశీలించి, ప్రోటాన్ వాటాను తీసివేసి లెక్కించవలసివచ్చింది. హాఫ్‌స్టాటర్‌కు 1961లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ చరిత్రలో అందరికీ తెలియవలసిన మలుపు మరొకటుంది. వైద్యానికి తొలి లీనియర్ యాక్సిలరేటర్ 1953లోనే లండన్‌లో పనికి వచ్చింది. 1956 జనవరిలో స్టాన్‌ఫర్డుకే చెందిన హెన్రీ కప్లాన్, ఎడ్వర్డ్ గింజ్‌టన్ రూపొందించిన యంత్రం కంటి కాన్సరుతో ఉన్న ఒక పసివాడికి చికిత్స చేసి చూపును కాపాడింది. ప్రోటాన్ కొలత తేలుతున్న కాలంలోనే, అదే విశ్వవిద్యాలయంలో, అదే సూత్రంతో ఇది జరిగింది.

ఆ వంశానికి చెందిన యంత్రాలే నేడు వేలూరు (రాయవేలూరు) క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేస్తున్నాయి. ఆ సంస్థను స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ తన బండిని చెట్ల నీడన ఆపి రోగులను చూసిన గుడియాత్తం దారి నుంచీ, 1911 వరకు వేలూరుతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉన్న చిత్తూరు ప్రాంతం నుంచీ కాన్సరు రోగులు అక్కడికి వస్తారు. తెలుగు పల్లెల్లో ఈ చికిత్సను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాట శాస్త్రానికి అంత దూరమైనదేమీ కాదు. యంత్రం లోపల ఎలక్ట్రాన్లు టంగ్‌స్టన్ లోహపు బిళ్ళను తాకుతాయి. ఒక్కొక్క టంగ్‌స్టన్ కేంద్రకంలోని 74 ప్రోటాన్ల విద్యుత్ క్షేత్రం వాటి దారిని వంచుతుంది, ఆ వంపులో అవి కోల్పోయిన శక్తే ఎక్స్‌రేలుగా మారి రోగి శరీరంలోని గడ్డను చేరుతుంది. హాఫ్‌స్టాటర్ ఎలక్ట్రాన్లను చెదరగొట్టి ప్రోటాన్ కొలతను ఆయనకు తెలిపింది కూడా ఈ విద్యుత్ బలమే.