పాకలో కనబడే నీతి

సబ్బాతునాడు నడుము వంగిపోయిన స్త్రీని స్వస్థపరిచినందుకు సమాజమందిరపు అధికారి మండిపడ్డాడు. అప్పుడు యేసు వేసిన ప్రశ్న ఆలోచింపజేస్తుంది. విశ్రాంతి దినమైనా సరే, మీలో ప్రతివాడూ తన ఎద్దునో గాడిదనో గాటినుండి విప్పి నీళ్లకు తోలుకెళ్లడా అని ఆయన అడిగాడు (లూకా 13:15). పశువు దాహం తీర్చడం ఎవరూ కాదనలేని ధర్మమని ఆయన లెక్క. ఆ ధర్మం మన పాకల్లో ఎంతవరకు నిలిచి ఉంది?

గోదావరి డెల్టాలో ఒకటి రెండు పాడిపశువులతో ఇల్లు నెట్టుకొచ్చే కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. పాలకేంద్రంలో లీటర్లు కొలుస్తారు, వెన్నశాతం చూస్తారు. పశువు ఎలా ఉందో చూడాల్సింది మాత్రం యజమానే.

బ్రిటన్‌లోని పశు సంక్షేమ మండలి 1979లో ఇందుకు ఐదు కొలతలు పెట్టింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి-రోగం, భయం లేకుండా ఉండాలి. తన సహజ స్వభావం ప్రకారం మెలగగలగాలి. ఇవి చూడడానికి పరికరాలేమీ అక్కర్లేదు. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉంటున్నాయా, కుడితి పెట్టినప్పుడే దాహం తీరుతోందా? పక్కటెముకలు బయటపడ్డాయా? కాళ్ల కీళ్లు వాచాయా? ఆవు రోజులో దాదాపు సగం సేపు పడుకోవాలి. మరి నేల పొడిగా ఉందా, అందుకు పలుపు చాలుతోందా? మీరు చెయ్యి చాపితే దగ్గరకొస్తోందా, బెదిరి వెనక్కి జరుగుతోందా? గేదెకు చెమట గ్రంథులు తక్కువ. వేసవిలో చెరువో, కాలువో, ఒంటిమీద నాలుగు బిందెల నీళ్లో లేకపోతే అల్లాడిపోతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. అదొక్కటే వేస్తే కడుపు నిండుతుంది గాని ఒళ్లు నిలవదు.

వీటన్నిటికన్నా కఠినమైన పరీక్ష దూడ. పుట్టిన మొదటి గంటల్లో తాగే ముర్రుపాలే దాన్ని రోగాలనుండి కాపాడతాయి. దాని కడుపు నిండాకే మన జున్ను! మగదూడ అయితే పాలు దండగని ఎండగట్టడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు. ఇక పాల కోసం పశువు ఆరోగ్యాన్ని చెరిచే సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

దాణా ధరలతో సతమతమయ్యే పేదవానికి ఇవన్నీ సాధ్యమా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పచ్చిమేతకు, వైద్యానికి ఖర్చవుతుంది. అయితే బిందెడు నీళ్లకు, మూరెడు పొడవైన పలుపుకు, పొడినేలకు, దూడ వాటా దూడకు వదలడానికి డబ్బుకన్నా మనసే ఎక్కువ కావాలి. గాలికుంటు టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తోంది. స్తోమత ఉన్న విశ్వాసి తన గట్టుమీది పచ్చిగడ్డి పొరుగువాని పశువుకు కోసుకోనిస్తే అదీ పరిచర్యే.

నీతిమంతుడికి తన పశువు ప్రాణం మీద లక్ష్యం ఉంటుందంటుంది సామెతల గ్రంథం (12:10). మన ప్రార్థనలు పశువు ఎరుగదు, మన చెయ్యి ఎలాంటిదో మాత్రం దానికి తెలుసు. ఈ ఆదివారం ఆరాధనకు బయల్దేరేముందు ఒక్కసారి పాకలోకి వెళ్లి తొట్టి చూడండి.