కలప అడితి నుంచి ఆరు చక్రాల దాకా

1975 సెప్టెంబరు. లండన్ హీత్రో విమానాశ్రయం దగ్గరి ఒక హోటల్‌లో కొత్త రేసు కారు చూపిస్తామంటే విలేకరులు వెళ్లారు. కారు మీద ముసుగు కప్పి ఉంది. లోపలి గుట్టు బయటపడకుండా ముసుగు కింద చట్రాలు అమర్చి, పైకి మామూలు కారులాగే కనిపించేట్టు చేశారు. ముసుగు తొలగించగానే హాల్లో నవ్వులు, గుసగుసలు. కారుకి వెనక రెండు భారీ చక్రాలు, ముందు మాత్రం నాలుగు బుల్లి చక్రాలు! ప్రచారం కోసం చేసిన తమాషా అనుకున్నవాళ్లే ఎక్కువ. ఏడాది తిరక్కుండానే ఆ తమాషా బండి గ్రాండ్‌ప్రి గెలిచింది. దాని పేరు టిరెల్ పీ34.

ఫార్ములా వన్ చరిత్రలో ఫెరారీ, మెక్‌లారెన్, లోటస్ పేర్లు తెలిసినంతగా టిరెల్ పేరు ఇప్పటివారికి తెలియదు. కెన్ టిరెల్ అసలు వృత్తి కలప వ్యాపారం. ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో, ఆకమ్ అనే పల్లెలో ఆయనకి అడితి ఉండేది. కొన్నాళ్లు చిన్న రేసు కార్లు తోలి, ఆ విద్యలో తాను గొప్పవాణ్ణి కానని గ్రహించి, స్టీరింగ్ వదిలేసి టీమ్ నడపడంలోకి దిగాడు. మనుషుల్ని పట్టడంలో మాత్రం ఆయన కన్ను తప్పేది కాదు. జాకీ స్టీవార్ట్ అనే స్కాట్లండ్ కుర్రాణ్ణి పరీక్షించి తన కార్లలో కూర్చోబెట్టింది ఆయనే. దుంగలు కోసే ఆవరణలోని చెక్క షెడ్డులోనే టీమ్ మెకానిక్కులు పనిచేసేవారు.

మొదట్లో టిరెల్‌కి సొంత కారు లేదు. 1969లో స్టీవార్ట్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు చాసీ ఫ్రాన్స్‌కి చెందిన మాట్రా కంపెనీది, ఇంజిన్ ఫోర్డ్ డబ్బుతో కాస్‌వర్త్ తయారుచేసిన డీఎఫ్‌వీ, టైర్లు డన్‌లప్‌వి. టీమ్‌దల్లా పనితనమే. ఈ ఏర్పాటు ఎంత బలహీనమైందో మరుసటి సంవత్సరమే తెలిసొచ్చింది. మాట్రా వెళ్లి సిమ్కాతో చేతులు కలిపింది. సిమ్కా యజమాని అమెరికాలో ఫోర్డ్‌కి బద్ధ పోటీదారైన క్రైస్లర్. ఇక ఫోర్డ్ ఇంజిన్‌కి చోటు లేదు, మా 12 సిలిండర్ల ఇంజినే వాడాలంది మాట్రా. స్టీవార్ట్ తోలి చూశాడు, ఒప్పుకోలేదు. చేసేది లేక కెన్ టిరెల్ మార్చ్ అనే కొత్త కంపెనీ దగ్గర కార్లు కొన్నాడు. స్పెయిన్‌లో ఒక రేసు గెలిచినా ఆ కారుతో చాంపియన్‌షిప్ రాదని త్వరలోనే తేలిపోయింది.

అప్పుడు మొదలైంది రహస్య ప్రాజెక్టు. డెరెక్ గార్డనర్ అనే ఇంజినీరుకి కెన్ ఓ పని అప్పజెప్పాడు: సొంత కారు గీసిపెట్టు, ఎవరికీ చెప్పకు. గేర్లు, ట్రాన్స్‌మిషన్లు అతని రంగం. పూర్తి గ్రాండ్‌ప్రి కారు అంతకుముందు గీసింది లేదు. ఇంట్లోనే కూర్చుని గీశాడు. గ్యారేజీలో చెక్కతో నిలువెత్తు నమూనా చేశాడు. స్టీవార్ట్ ఆ ఇంటికి వెళ్లి నమూనాలో కూర్చుని కొలతలు సరిచూపించుకున్నాడు. 1970 ఆగస్టులో ఓల్టన్ పార్క్ ట్రాక్ మీదకి నీలం రంగు టిరెల్ 001 వచ్చేదాకా ప్రత్యర్థులకి సంగతే తెలియదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దాని తొలి రేసు కెనడాలో. అక్కడ పోల్ పొజిషన్ (రేసు మొదలయ్యేటప్పుడు అందరికన్నా ముందు నిలిచే చోటు) తెచ్చుకుని, ముందంజలో ఉండగా ఇరుసు భాగం విరిగి ఆగిపోయింది.

1971లో మాత్రం ఎదురు లేకపోయింది. సీజన్‌లోని 11 రేసుల్లో 003 కారుతో స్టీవార్ట్ 6 గెలిచాడు. చివరి రేసు అతని సహచరుడు, ఫ్రెంచి యువకుడు ఫ్రాంస్వా సెవెర్ గెలిచాడు. సొంత కారుతో పూర్తిగా ఆడిన తొలి సీజన్‌లోనే అటు డ్రైవర్ టైటిల్, ఇటు కన్‌స్ట్రక్టర్ల టైటిల్ రెండూ కలప అడితికి చేరాయి.

1973లో స్టీవార్ట్ మూడోసారి చాంపియన్ అయ్యాడు. అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ అతని నూరో గ్రాండ్‌ప్రి కావాల్సింది. దాంతో రిటైరై, నాయకత్వం సెవెర్‌కి అప్పజెప్పాలన్నది ఆలోచన. అక్టోబరు 6న ప్రాక్టీసులో సెవెర్ కారు రక్షక కంచెని ఢీకొంది. అతను అక్కడికక్కడే చనిపోయాడు. టీమ్ రేసు నుంచి తప్పుకుంది. స్టీవార్ట్ లెక్క 99 రేసుల దగ్గర, 27 విజయాల దగ్గర ఆగిపోయింది. ఆ 27ని దాటడానికి అలెన్ ప్రోస్ట్‌కి 1987 దాకా పట్టింది.

స్టీవార్ట్ లాంటి డ్రైవర్ లేనప్పుడు ఏం చేయాలి? చాలా టీమ్‌ల దగ్గర అదే డీఎఫ్‌వీ, అందరివీ అవే గుడ్‌ఇయర్ టైర్లు. తేడా చూపించగలిగింది కారు ఆకారంలోనే. గార్డనర్ వేసిన లెక్క ఇది: కారు ముందుండే రెక్క మీటరున్నర వెడల్పు ఉండొచ్చని నిబంధన. చక్రాలు ఆ రెక్క వెనక దాక్కునేంత చిన్నవైతే, వాటికి తగిలి గాలి చెదిరిపోదు, ముక్కు పైకి లేవదు. కానీ 10 అంగుళాల బుల్లి చక్రాలు రెండే ఉంటే నేలని పట్టుకోలేవు. అందుకని నాలుగు పెట్టాడు. నాలుగూ స్టీరింగ్‌తో తిరుగుతాయి, నాలుగింటికీ బ్రేకులుంటాయి. డ్రైవర్‌కి తన ముందు చక్రాలు కనబడవు కాబట్టి కాక్‌పిట్ పక్కన చిన్న కిటికీలు కోసి పెట్టారు! మలుపులో టైర్ ఎలా ఉందో డ్రైవర్ ఆ కిటికీలోంచి చూసుకోవచ్చు.

1976 జూన్ 13న స్వీడన్‌లోని ఆండర్‌స్టార్ప్‌లో టిరెల్ డ్రైవర్లు జోడీ షెక్టర్ మొదటి స్థానం, పాట్రిక్ డెపాయే రెండో స్థానం. రెండూ ఆరు చక్రాల కార్లే. ఆ సీజన్ ముగిసేసరికి డ్రైవర్ల పట్టికలో ఇద్దరూ మూడు, నాలుగు స్థానాల్లో నిలిచారు. మరుసటి ఏడాది కథ తిరగబడింది. 10 అంగుళాల టైర్ వాడే టీమ్ లోకం మొత్తానికి ఇదొక్కటే. గుడ్‌ఇయర్ తన పరిశోధనంతా మిగతా టీమ్‌ల టైర్ల మీద పెట్టింది. వెనక టైర్లు మెరుగవుతూ పోతే ముందువి అక్కడే ఆగిపోయాయి. పట్టు కోసం ముందు చక్రాల మధ్య దూరం పెంచారు. అవి రెక్క చాటు నుంచి బయటికి వచ్చేశాయి. దేనికోసం ఆరు చక్రాలు పెట్టారో ఆ లాభమే పోయింది. పైగా బరువు పెరిగింది. 1977తో పీ34 మూలనపడింది. తర్వాత ఫార్ములా వన్ కారుకి నాలుగు చక్రాలే ఉండాలని నిబంధన కూడా వచ్చింది. చాసీ కష్టం తీరిందనుకుంటే టైర్ కష్టం వచ్చిపడింది.

ఆ తర్వాత డబ్బు కష్టం. అయినా డెపాయే 1978లో మొనాకో గెలిచాడు. 1983లో డెట్రాయిట్‌లో మికేలె అల్బొరేటో గెలిచాడు. అది డీఎఫ్‌వీ కుటుంబానికి 155వ విజయం, చివరిది; టిరెల్‌కీ చివరిదే. అప్పటికే పెద్ద కంపెనీల టర్బో ఇంజిన్లు రాజ్యమేలుతున్నాయి.

1984 ముచ్చట చెప్పుకోడానికి అంత బాగుండదు. ఆ సీజన్ మొత్తం టర్బో లేకుండా నడిచిన టీమ్ టిరెల్ ఒక్కటే. ఆ లోటు పూడ్చుకోడానికి కారుని రేసంతా నిబంధన కన్నా తక్కువ బరువుతో పరుగెత్తించి, ముగింపు దగ్గర పడగానే పిట్‌లో ఆపి, నీళ్ల ట్యాంకులోకి నీళ్లతో పాటు సీసపు గుళ్లు కూడా ఎక్కించేవారు. తూకం దగ్గర బరువు సరిపోయేది. డెట్రాయిట్‌లో టిరెల్ డ్రైవర్ మార్టిన్ బ్రండల్ రెండో స్థానంలో వచ్చాక తనిఖీలో గుట్టు రట్టయింది. ఏడాది మొత్తం పాయింట్లు కొట్టేసి, సీజన్ ముగియకముందే టీమ్‌ని వెలివేశారు. కెన్ టిరెల్ అడ్డు తొలగించుకోవాలని టర్బో టీమ్‌లు కాచుక్కూర్చున్నాయన్నదీ, శిక్ష నేరాన్ని మించిందన్నదీ నిజమే కావచ్చు. కానీ ఆ సీసపు గుళ్లు ప్రత్యర్థులు వేసినవి కావు.

ఈ దెబ్బ తిన్న టీమ్ నుంచే 1990లో 019 వచ్చింది. హార్వే పోసల్‌త్వెయిట్, జాన్ క్లోడ్ మిజో గీసిన కారది. అప్పటిదాకా రేసు కార్ల ముక్కు నేలకి ఆనుకున్నట్టు ఉండేది. వీళ్లు దాన్ని పైకెత్తి, రెక్కని రెండు వైపుల నుంచీ కిందికి వేలాడదీశారు. ముక్కు కింద నుంచి గాలి ధారాళంగా కారు అడుగుకి చేరుతుంది. అడుగున గాలి ఎంత వేగంగా పారితే కారు నేలకి అంతగా అతుక్కుంటుంది. జాన్ అలేజీ ఆ కారుతో మొనాకోలో రెండో స్థానంలో వచ్చాడు. చూడ్డానికి వింతగా ఉందన్న టీమ్‌లే కొద్ది సంవత్సరాల్లో ఒక్కొక్కటిగా ముక్కులు పైకెత్తాయి. 1994లో మైకేల్ షూమాకర్‌ని చాంపియన్ చేసిన బెనెటన్ కారు ముక్కు కూడా ఎత్తుదే. దారి చూపినవాళ్లకి మాత్రం గెలుపు దక్కలేదు.

1997 చివర కెన్ టిరెల్ టీమ్‌ని అమ్మేశాడు. కొన్నవాళ్ల వెనక ఉన్నది బ్రిటిష్ అమెరికన్ టొబాకో. మరుసటి ఏడాది డ్రైవర్ ఎంపిక మీద వాళ్లతో పొసగక, సీజన్ మొదలవకముందే తప్పుకున్నాడు. 1998 సీజన్ ముగియగానే టిరెల్ పేరు జాబితా నుంచి పోయింది. ప్రవేశ హక్కు మాత్రం చేతులు మారుతూ వచ్చింది: బీఏఆర్, 2006లో హోండా, 2009లో బ్రాన్, 2010 నుంచి మెర్సిడెస్. 2014 నుంచి 2021 దాకా వరుసగా 8 కన్‌స్ట్రక్టర్ల టైటిళ్లు గెలిచిన మెర్సిడెస్ వంశవృక్షం వేళ్లు వెతుక్కుంటూ పోతే ఆకమ్ అడితి దగ్గర తేలుతుంది.

టిరెల్ కార్లు గెలిచింది 23 రేసులు. వాటిలో అన్నిటికన్నా పేరు పడ్డది పీ34. బొమ్మ కార్లు కూర్చేవాళ్లు ఇప్పటికీ దాని నమూనా వెతుక్కుని కొంటారు. అన్నిటికన్నా ఎక్కువ గెలిపించింది స్టీవార్ట్ 003. కానీ టిరెల్ కార్లలో గొప్పది ఏదని ఒక్కదాన్నే ఎంచమంటే, ఒక్క రేసూ గెలవని 019కే ఓటు వేయాలి. ఆరు చక్రాల్ని మరే టీమూ గ్రాండ్‌ప్రికి తేలేదు. ఎత్తు ముక్కుని అందరూ తెచ్చారు.