బిడ్డకు వైద్యం ఉచితం, తల్లి కూలి మాటేమిటి?

క్షేత్ర పరిశోధనలో భాగంగా ఒక జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల ప్రత్యేక విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) బయట కొన్ని రోజులు కూర్చున్నాను. తల్లులు రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వడానికి లోపలికి వెళ్లొస్తుంటారు. తండ్రులు మూడో రోజుకల్లా కనబడరు. పనికి పోకపోతే ఆసుపత్రి దగ్గర భోజనానికి కూడా డబ్బుండదు. అక్కడ మాట్లాడినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చిన వ్యవసాయ కూలీలే.

చట్టాలు, పథకాలు వారికి ఏమిస్తున్నాయి? 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బు పడ్డ పసిబిడ్డకు చికిత్స, మందులు, పరీక్షలు, రక్తం, రానుపోను వాహనం ఉచితం. మొదట 30 రోజుల వయసు వరకే ఉన్న ఈ హక్కును తర్వాత ఏడాదికి పెంచారు. పుట్టుకతో వచ్చిన గుండె లోపం, గ్రహణమొర్రి లాంటివాటిని గుర్తించి పై ఆసుపత్రికి పంపే బాధ్యత 2013 నాటి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమానిది.

ఇవన్నీ బిడ్డ వైద్యానికే. తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు. బిడ్డ నెల రోజులు వార్మర్‌లో ఉంటే మిగతా రోజుల తిండి గురించి ఆ పథకంలో మాట లేదు.

ఇక కూలి. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన భార్యాభర్తలు చెరి 30 రోజుల పని పోగొట్టుకుంటే నష్టం 18,000. ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు ఇచ్చేది 5,000. (ఆహార భద్రతా చట్టం 2013లోనే 6,000కు తగ్గకూడదంది.) బిడ్డ ఆరోగ్యంగా ఇంటికెళ్లినా, నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నా అదే మొత్తం. 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థల ఉద్యోగినులకే. నాట్లు వేసే మనిషికి యజమాని ఎవరని రాసుకోవాలి?

దీన్ని సంక్షేమం కోణంలోనే చూడటం పొరపాటని నా అభిప్రాయం. బరువు తక్కువ బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే మొదలుపెడితే మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయని భారత్‌తో సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో తేల్చింది. అంటే తల్లి అక్కడ ఉండటమే చికిత్స. మందుకు డబ్బిచ్చే ప్రభుత్వం ఈ చికిత్సను మాత్రం కూలి మనిషి సొంత ఖర్చుతో చేయించుకుంటోంది.

కూలి పరిహారం కొత్త ఆలోచనేం కాదు. తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలను చేర్చే పోషకాహార పునరావాస కేంద్రాల్లో తోడున్న తల్లికి భోజనంతోపాటు రోజుకింత అని పరిహారం ఇచ్చే నిబంధన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ తర్వాత కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 ఇచ్చేలా రూపొందింది. ఎస్‌ఎన్‌సీయూ తల్లులకూ ఇలాంటిదే కావాలి. తండ్రిని కూడా అందులో చేర్చాలి.

ఈలోగా వాడల్లో పనిచేసే మిత్రులు చేయగలిగిన పనొకటుంది. బయట మందులు కొనమంటే చీటీ, బిల్లు దాచమని చెప్పండి. ఆ రెండూ జతచేసి సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇప్పించండి. డిశ్చార్జి కాగితం నకలు కూడా తీసుకోండి. చేరిన తేదీ, పంపిన తేదీ దాని మీదే ఉంటాయి. పోయిన పనిదినాలు లెక్కగట్టడానికి వేరే రుజువు అక్కర్లేదు.