కోటగోడలో దిడ్డివాకిలి

గోలకొండ మన తెలుగునాట మిక్కిలి ప్రసిద్ధమైన దుర్గము. 1687వ సంవత్సరమున ఔరంగజేబు సేనలు దానిని ముట్టడించి, సుమారు ఎనిమిది మాసములు పోరాడినను లోనికి ప్రవేశింపలేకపోయినవి. తుదకు కోటలోని సేనాని యొకడు ద్రోహబుద్ధితో రాత్రివేళ ద్వారమును తెరపించెను. ఫిరంగులు నెలల తరబడి చేయలేని పనిని తెరచిన తలుపు ఒక్క రాత్రిలో చేసెను. ఈ నీతి నేటి కార్యాలయములకును వర్తించును. ఎట్లన, వినుడు.

కార్యాలయములోని కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలిపిన యేర్పాటును నెట్‌వర్కు అందురు. అది ఇంటర్నెట్టుతో కలియుచోట ఫైర్‌వాల్ అను సాధనమును నిలుపుదురు. కట్టడములలో మంటలు ప్రాకకుండ నిర్మించు అడ్డుగోడకు ఆంగ్లమున గల పేరునే దీనికిని పెట్టిరి. ఇది ద్వారపాలకునివంటిది. వచ్చిపోవు ప్రతి సమాచారపు పొట్లమును ఆపి, అది యెచ్చటనుండి వచ్చినది, ఎచ్చటికి పోవుచున్నది, ఏ పనికై పోవుచున్నది అని పరిశీలించును. తనయొద్ద నున్న నియమముల పట్టికను పైనుండి క్రిందికి చదివి, తగిన నియమము దొరకినంతనే దాని ప్రకారము విడుచుటయో, త్రోసివేయుటయో చేయును. "పైన అనుమతింపనిదంతయు నిషిద్ధము" అనునది పట్టికలో కడపటి నియమముగా నుండవలెను.

తీగలు మాత్రమే యున్నంతకాలము ఈ కాపలా కొంత సులభము. లోనికి రాదలచినవాడు గదిలో ప్రవేశించి తీగను తగిలింపవలెను గదా! కాని వైఫై పద్ధతిలో సమాచారము రేడియో తరంగముల రూపమున గాలిలో ప్రయాణించును. మన గోడలు ఆ తరంగములకు హద్దులు కావు; అవి వీధిలోనికిని పోవును. కావున యాక్సెస్ పాయింట్ అను వైఫై పెట్టెను ఆలోచింపక లోపలి తీగకు తగిలించినచో, ముందువాకిట ద్వారపాలకుడు నిలిచియుండగనే వెనుక దిడ్డివాకిలి తెరచినట్లగును.

నా ఉద్యోగకాలమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. మా పాఠశాల గుమాస్తా ఉపాధ్యాయుల సౌకర్యమునకై ఒక చిన్న వైఫై పెట్టెను కొనితెచ్చి, మార్కులు నమోదుచేయు కంప్యూటరున్న తీగకే కలిపెను. రహస్యపదము పెట్టలేదు. అందుకు అనుమతి యిచ్చినవాడను నేనే. నాలుగు దినములు అందరును సంతోషించిరి. అయిదవనాడు ఎదుటి టీకొట్టున కూర్చున్న పూర్వవిద్యార్థి యొకడు లోనికి వచ్చి, "మాస్టారూ! ఎనిమిదవ తరగతి పిల్లల మార్కులు, వారి తల్లిదండ్రుల ఫోను నంబర్లు నా ఫోనులో కనబడుచున్నవండీ" అని మెల్లగా చెప్పెను. నా గుండె ఝల్లుమనెను. అతడు మంచివాడు కనుక చెప్పెను. చెప్పక చూచినవా రెందరో! వెంటనే పెట్టెను ఊడదీయించితిని.

ఇట్టి ప్రమాదము పెద్ద సంస్థలకును తప్పలేదు. అమెరికాలోని టి.జె.ఎక్స్. అను వ్యాపార సంస్థ నెట్‌వర్కులోనికి 2005లో దొంగలు దుకాణములలోని బలహీనమైన వైఫై ద్వారమున చొరబడిరి. నాలుగున్నర కోట్లకు పైగా బ్యాంకు కార్డుల సంఖ్యలు అపహరింపబడినట్లు 2007లో వెల్లడియయ్యెను.

అయినచో వైఫైని విడువవలెనా? అక్కరలేదు. పద్ధతి తెలిసి అమర్చుకొనవలెను.

మొదటిది స్థానము. వైఫై పెట్టెను లోపలి కంప్యూటర్ల సరసన గాక, ఫైర్‌వాలునకు గల వేరొక ద్వారమునకు కలుపవలెను. అప్పుడు గాలిలో వచ్చిన పొట్లము ద్వారపాలకుని దాటక లోపలి కంప్యూటరును చేరజాలదు.

రెండవది విభజన. ఉద్యోగుల కొకటి, అతిథుల కొకటిగా రెండు పేర్లతో వైఫైని ఏర్పరుపవలెను. అతిథులకు ఇంటర్నెట్టు మాత్రమే. లోపలి కంప్యూటర్లు వారికి కనబడరాదు.

మూడవది గూఢలిపి. తొలినాటి వెప్ అను పద్ధతిలోని లోపములు 2001 నాటికే బయటపడినవి. నేడు డబ్ల్యు.పి.ఎ. 2 గాని, 2018లో వెలువడిన డబ్ల్యు.పి.ఎ. 3 గాని వాడవలెను. అందరికి ఒకే రహస్యపదము కంటె ప్రతి ఉద్యోగికి వేరు వేరు పదము మేలు. ఒకరు ఉద్యోగము విడిచిన నాడు వారి ప్రవేశమును మాత్రమే రద్దుచేయవచ్చును.

నాలుగవది నియమములు. వైఫైలో చేరిన పరికరమునకు సంఖ్యారూపమైన చిరునామా కావలెను. వెబ్‌సైటు పేరును సంఖ్యగా మార్చు డి.ఎన్.ఎస్. అను సేవయు కావలెను. ఈ రెండింటిని మరచి వెబ్ పుటలను మాత్రమే అనుమతించినచో, వైఫై గుర్తు నిండుగా కనబడినను ఏ పుటయు తెరచుకొనదు. పలువురు ఇచ్చటనే విసిగి ఫైర్‌వాలును ఆపివేయుదురు. అది పెద్ద పొరపాటు. లోపించిన నియమమును చేర్చవలెను గాని కావలివానిని పంపివేయరాదు.

కడపటిది పరీక్ష. అతిథుల వైఫైలో చేరి లోపలి కంప్యూటరును తెరచుటకు ప్రయత్నింపవలెను. తెరచుకొనకుండుటయే మన విజయము.

మా కార్యాలయమున మరల వైఫై నమర్చినప్పుడు ఈ క్రమమునే పాటించితిమి. ఆ పూర్వవిద్యార్థినే పిలిచి, టీకొట్టునుండి పరీక్షింపుమని కోరితిని. కొంతసేపటికి అతడు చిరునవ్వుతో వచ్చి, "ఏమియు కనబడుటలేదు, మాస్టారూ!" అనెను. ఆనాడు నా మనసు తేలికపడెను.

బాలలారా! పరుల వివరములు మన చేతిలోనున్నప్పుడు అవి వారు నమ్మి దాచుకొన్న సొమ్మువంటివి. సౌకర్యమును కోరుట తప్పు కాదు. సౌకర్యమునకై తలుపు తెరచియుంచుట తప్పు.