గాలి తుపాకీకి తగిన గుండు

శివరాత్రికి యాగంటి తిరునాళ్లకు పోయిన మన హాస్టల్ పిల్లల్లో బెలూన్ల అంగడి దగ్గర ఆగని వాళ్లు ఉండరు. ఒక ఏడాది మేము నలుగురం కాస్మెటిక్ చార్జీల్లో మిగిలిన డబ్బులు కలిపి అక్కడ కాల్చాము. ఒక తుపాకీ పట్టిన ఇద్దరం బెలూన్లు పగలగొట్టాము. పక్క తుపాకీ పట్టిన ఇద్దరికి ఒక్కటీ తగల్లేదు. "చేతులు వణికేవాళ్లకు ఎన్.సి.సి. ఎందుకురా" అని తిరిగి వచ్చేదాకా ఎగతాళి చేశాము. వాళ్లలో ఒకడు ఆ తర్వాత ఎన్.సి.సి.కి పేరే ఇవ్వలేదు. తప్పు చేతిదా, తుపాకీదా అని మేము ఆలోచించలేదు. అందుకే ఈ వ్యాసం.

గాలి తుపాకీలో మందు ఉండదు. గాలి ఒత్తిడే సీసపు గుండును తోస్తుంది. ఆ గుండు చిన్న ఢమరుకంలా ఉంటుంది. ముందు తల, మధ్యలో సన్నని నడుము, వెనక బోలు అంచు. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటిని పట్టుకుని గుండు గిరగిరా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగినంతసేపు బొంగరం పడిపోనట్టే, తిరిగే గుండు కూడా దారి తప్పదు.

గుండు వదులైతే పక్కల నుంచి గాలి పోతుంది. గాడులు సరిగా పట్టవు. ఒక్కో గుండు ఒక్కో వేగంతో పోతుంది. మరీ బిగువైతే గుండు ఒరుసుకుని ఆకారం చెడుతుంది, వేగం తగ్గుతుంది.

ఎక్కువగా వాడే గుండు 4.5 మిల్లీమీటర్లది. 5.5 ది వేరే రకం, ఒకదాని తుపాకీలో ఇంకొకటి వాడకూడదు. 4.5 లోనే తల కొలత 4.49, 4.50, 4.51 అని వేర్వేరుగా దొరుకుతాయి. ఒకే కంపెనీ తుపాకులు రెండింటికి కూడా ఒకే గుండు కుదరకపోవచ్చు.

ఏది కుదురుతుందో కంటితో తెలియదు, పరీక్షించాలి. తుపాకీని కదలకుండా బిగించి, 10 మీటర్ల దూరంలో కాగితం పెట్టి, ఒక్కో రకం పది గుండ్లు కాల్చాలి. రంధ్రాలు ఏ రకానికి దగ్గర దగ్గరగా పడితే అదే తగిన గుండు. అన్నీ ఒకే చోట పడినా ఆ చోటు పక్కకు ఉంటే, సరిచేయాల్సింది గురి చూసే కమ్మీని. బిగించినప్పుడు బాగా పడి, చేత్తో కాలిస్తే చెదిరితేనే మన సాధన చాలలేదని అర్థం.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల పోటీలోనే. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అందుకే ఆ స్థాయి వాళ్లు గుండ్లను పరీక్షించి ఎంచుకుంటారు.

తమ్ముళ్లారా, పెద్దలు దగ్గర లేకుండా తుపాకీ ముట్టవద్దు. ఖాళీదైనా మనిషి వైపు తిప్పవద్దు, కన్ను పోతుంది. సీసం విషం కాబట్టి గుండ్లు పట్టిన చేతులు కడుక్కున్నాకే అన్నం తినాలి.

ఒకే కొలతతో కుట్టిన చొక్కా అందరికీ సరిపోదని హాస్టల్లో పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చొక్కా కుదరకపోతే ఒంటిని తప్పు పట్టము కదా! ఆనాడు గొట్టం అరిగిందో, గుండు వదులైందో, కమ్మీ వంగిందో, నిజంగానే చెయ్యి వణికిందో మాకు తెలియదు. తెలుసుకోకుండానే తీర్పు చెప్పాము. ఆ మిత్రుడు ఈ సంచిక చదివితే మమ్మల్ని మన్నించాలి.