భాగం 9: పెరిగే పాదం – సరిపోయే బూటు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పిల్లల పాదం పెద్దల పాదం కంటే ఏ విధంగా భిన్నమైనదో వివరించగలరు.
• పిల్లల పాదాన్ని ఇంట్లోనే కొలిచి, తగిన బూటు పొడవును నిర్ణయించగలరు.
• కొన్న బూటు ఎన్ని నెలలు సరిపోతుందో అంచనా వేయగలరు.

9.1 పరిచయం

జూన్‌లో బడులు తెరిచే ముందు చెప్పుల దుకాణాల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఒక సైజు పెద్దదే ఇవ్వండి, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది." ఈ మాట వెనుక ఇంటి ఖర్చుల లెక్క ఉంది. దాన్ని తేలికగా తీసిపారేయలేం. మరికొన్ని ఇళ్లలో ఇందుకు భిన్నంగా జరుగుతుంది. బూటు చిరిగేదాకా దానితోనే సరిపెట్టుకుంటారు. రెండు చోట్లా లోపించినది ఒక్కటే, పాదాన్ని కొలవడం. పెద్దలు "నొప్పిగా ఉందా?" అని అడుగుతారు, పిల్లవాడు "లేదు" అంటాడు, అంతటితో విషయం ముగుస్తుంది. ఆ "లేదు" మీద ఎందుకు ఆధారపడకూడదో, దానికి బదులుగా ఏం చేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 పిల్లల పాద నిర్మాణం

పెద్దవారి పాదంలో సాధారణంగా 26 ఎముకలు ఉంటాయి. శిశువు పుట్టేనాటికి వీటిలో చాలా భాగం గట్టి ఎముకగా మారి ఉండదు, మృదులాస్థి రూపంలోనే ఉంటుంది. మీ చెవి దొప్పను వంచి చూడండి. మెత్తగా వంగి, వదిలితే మళ్లీ యథాస్థితికి వచ్చే ఆ పదార్థమే మృదులాస్థి. ఇది క్రమంగా ఎముకగా మారడాన్ని అస్థీభవనం అంటారు. పాదం లోపలి వైపు, అరికాలి వంపునకు పైభాగంలో ఉండే చిన్న ఎముకలో ఈ మార్పు సాధారణంగా మూడేళ్ల వయసు ప్రాంతంలో గానీ మొదలుకాదు. పాదం పొడవు పెరగడం ఆడపిల్లల్లో సుమారు 14 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 16 ఏళ్లకు ఆగుతుంది.

దీనినుంచి మనం గ్రహించవలసినవి రెండు. మొదటిది, మెత్తని పాదం బూటు ఆకారానికి సులభంగా లొంగిపోతుంది. ఇరుకు బూటులో చిన్నపిల్లలు వేళ్లు ముడుచుకుని నడుస్తారు, నొప్పి అని చెప్పకపోవచ్చు. రెండవది, చిన్నపిల్లల అరికాలి కింద కొవ్వు పొర మందంగా ఉంటుంది. అందువల్ల వారి పాదం చదునుగా కనిపిస్తుంది. వంపు ఆరేళ్ల లోపు క్రమంగా ఏర్పడుతుంది. మూడేళ్ల పిల్లవాడి పాదం నొప్పి లేకుండా చదునుగా ఉంటే, అది సాధారణంగా వ్యాధి కాదు.

9.3 పరిశోధనలు చెప్పేదేమిటి?

మన దేశంలో రావు, జోసెఫ్ అనే వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి 1992లో ఫలితాలను ప్రచురించారు. ఆ పిల్లల వయసు 4 నుంచి 13 ఏళ్లు. పాదరక్షలు వాడే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం మందిలో, వాడని పిల్లల్లో 2.8 శాతం మందిలో కనిపించింది. వేళ్లను మూసివేసే బూట్లు వాడే పిల్లల్లో ఇది ఎక్కువగా, చెప్పులు వాడేవారిలో తక్కువగా ఉంది.

ఆస్ట్రియాలో 858 మంది బడి ఈడుకు రాని పిల్లలపై చేసిన మరో అధ్యయనం 2009లో వెలువడింది. ఆ పిల్లల్లో చాలామంది తమ పాదం కంటే పొట్టి బూట్లు వాడుతున్నారు. బూటు ఎంత పొట్టిదైతే, కాలి బొటనవేలు పక్క వేళ్ల వైపు ఒరిగే అవకాశం అంత ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

ఈ అధ్యయనాలను చదివి బూట్లే వద్దనుకోకూడదు. ఎండకు కాలే రోడ్లు, ముళ్లు, గాజు పెంకులు, మట్టి ద్వారా సోకే కొంకి పురుగులు, వీటినుంచి పాదానికి రక్షణ కావాలి. ఇంట్లో, శుభ్రమైన నేల మీద పిల్లలను వట్టికాళ్లతో తిరగనివ్వాలి. బయట సరిపోయే పాదరక్ష వేయాలి.

9.4 పాదాన్ని కొలిచే పద్ధతి

కావలసినవి ఒక తెల్ల కాగితం, పెన్సిలు, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు.

1. సాయంత్రం పూట కొలవండి. రోజంతా తిరిగిన పాదం ఉదయం కంటే కొద్దిగా ఉబ్బి ఉంటుంది.
2. కాగితాన్ని గోడకు ఆనించి నేలపై పరవండి. బడికి వేసుకునే సాక్సులతోనే పిల్లవాడిని దాని మీద నిలబెట్టి, మడమను గోడకు తాకించమనండి. కూర్చోబెట్టి కొలవకూడదు. బరువు పడినప్పుడు పాదం పొడవు, వెడల్పు రెండూ పెరుగుతాయి.
3. అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి కొస దగ్గర గుర్తు పెట్టండి. అది ఎప్పుడూ బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండో వేలు పొడవుగా ఉంటుంది.
4. రెండు పాదాలూ కొలవండి. రెండూ సమానంగా ఉండకపోవచ్చు. పెద్ద పాదం కొలతనే తీసుకోండి.
5. ఆ కొలతకు 12 మిల్లీమీటర్లు కలపండి. ఇది బూటు లోపల ఉండవలసిన పొడవు.

ఈ పొడవు గల సన్నని అట్టముక్కను కత్తిరించి దుకాణానికి తీసుకువెళ్లండి. అది బూటులో వంగకుండా మడమ నుంచి ముందు కొస వరకు పట్టాలి. బూటు ముందు భాగాన్ని వేలితో నొక్కి చూసే అలవాటు మనలో చాలామందికి ఉంది. నొక్కగానే పిల్లలు వేళ్లు లోపలికి ముడుచుకుంటారు, అప్పుడు లేని ఖాళీ ఉన్నట్లు తోస్తుంది. లోపలి అట్ట ఊడివచ్చే బూటు అయితే దాన్ని బయటకు తీసి పిల్లవాడిని దానిపై నిలబెట్టండి. వేళ్ల ముందు ఎంత ఖాళీ ఉందో కంటికే కనిపిస్తుంది.

9.5 సైజు అంకెను నమ్మవచ్చా?

మన దుకాణాల్లో ప్రధానంగా రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. బ్రిటిష్ పద్ధతిలో ఒక సైజుకూ తరువాతి సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు 8.5 మి.మీ. యూరోపియన్ పద్ధతిలో ఈ తేడా సుమారు 6.7 మి.మీ. బ్రిటిష్ పద్ధతిలో పిల్లల సైజులు 13 వరకు వెళ్లి, మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. ఈ అంకెలు బూటు తయారీకి వాడే అచ్చుకు సంబంధించినవి కాబట్టి, ఒకే అంకె గల రెండు కంపెనీల బూట్లు లోపల ఒకేలా ఉండకపోవచ్చు. అంకెను చూసి బూటును ఎంచుకోండి, అట్టముక్కతో సరిచూసుకున్నాకే కొనండి.

ఈ విదేశీ పద్ధతులు మన పాదాలకు పూర్తిగా సరిపోవు. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లక్షమందికి పైగా ప్రజల పాదాలను కొలిచింది. భారతీయుల పాదాలు యూరోపియన్లు, అమెరికన్ల పాదాల కంటే వెడల్పుగా ఉన్నట్లు గుర్తించి, 'భా' అనే కొత్త సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. కాబట్టి పొడవు సరిపోయినంత మాత్రాన చాలదు. చిటికెన వేలి వైపు బూటు ఉబ్బెత్తుగా పొంగితే అది ఇరుకైనదని అర్థం.

9.6 బూటు ఎన్ని నెలలు వస్తుంది?

మూడు నుంచి ఆరేళ్ల మధ్య పాదం నెలకు సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. అంతకు ముందు వేగం ఇంకా ఎక్కువ, ఆ తరువాత కొంత తక్కువ. నడిచేటప్పుడు పాదం బూటులో కొద్దిగా ముందుకు జరుగుతుంది కాబట్టి, ఖాళీ 5 మి.మీ.కు తగ్గితే బూటు మార్చాలి. ఐదేళ్ల పాపకు జూన్‌లో 12 మి.మీ. ఖాళీతో బూట్లు కొన్నామనుకుందాం.

• అక్టోబరు, దసరా నాటికి: 8 మి.మీ. (సరిపోతుంది)
• జనవరి, సంక్రాంతి నాటికి: 5 మి.మీ. (మార్చవలసిన సమయం)
• ఏప్రిల్, పరీక్షల నాటికి: 2 మి.మీ. (వేళ్లు తగులుతాయి)

"వచ్చే ఏడాదికి కూడా" అన్న ఆశ ఈ వయసులో ఎందుకు నెరవేరదో ఇప్పుడు స్పష్టమవుతుంది. మరి ఒక సైజు పెంచితే? ఖాళీ 12 నుంచి 20 మి.మీ. దాటుతుంది. మడమ జారుతుంది, జారకుండా ఉండడానికి పిల్లలు వేళ్లతో బూటును పట్టుకుని నడుస్తారు, బొబ్బలు వస్తాయి, పరుగెత్తితే పడతారు. ఖర్చు తగ్గించుకోవలసిన ఇంటికి మేలైన మార్గం వేరే ఉంది. బడి నియమం లేని చోట వెనుక పట్టీ ఉన్న సాదా సాండల్ వాడవచ్చు. బూటు తప్పనిసరి అయితే ఖరీదైన జత ఒకటి కొనే బదులు, చవకైన జతలను ఆరేడు నెలల తేడాతో రెండుసార్లు కొనడం పాదానికి మంచిది. అన్న బూటు తమ్ముడికి ఇచ్చేముందు మడమ ఒకవైపు అరిగిందా, లోపల అన్న పాదం అచ్చు పడిందా చూడండి. అలా ఉంటే వద్దు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఇచ్చే కిట్లలో బూట్లు కూడా చేర్చారు. ఇలాంటి పథకాల్లో ఈ లెక్క మరింత అవసరం. ఫిబ్రవరిలో కొలిచిన పాదం జూన్ నాటికి సుమారు 4 మి.మీ. పెరిగి ఉంటుంది. కొలత రాసే ఉపాధ్యాయులు కొలిచిన తేదీని కూడా నమోదు చేసి, పంపిణీనాటి పెరుగుదలను కలిపి సైజు కోరితే, వచ్చిన బూట్లు మూలన పడవు.

9.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి

ప్రశ్న: ఐదేళ్ల బాలుడి పెద్ద పాదం 172 మి.మీ. బూటు లోపలి పొడవు 180 మి.మీ. ఈ బూటును ఎన్ని నెలల్లో మార్చాలి?
జవాబు: ఖాళీ 8 మి.మీ. అది 5 మి.మీ.కు తగ్గడానికి 3 మి.మీ. పెరుగుదల చాలు. కాబట్టి సుమారు 3 నెలల్లో.

9.8 సారాంశం

పిల్లల పాదం మెత్తనిది, ఇరుకును నొప్పి లేకుండానే భరిస్తుంది. అందువల్ల పిల్లల మాటకంటే స్కేలు మీద కొలతే నమ్మదగినది. నిలబెట్టి, రెండు పాదాలూ కొలిచి, పెద్ద కొలతకు 12 మి.మీ. కలిపి బూటు కొనాలి. ఆరేళ్ల లోపు పిల్లలకు మూడు నెలలకోసారి, ఆపై ఆరు నెలలకోసారి మళ్లీ కొలవాలి. కాగితం మీది గీత పక్కన తేదీ వేసి దాచుకుంటే, తరువాతి జత ఎప్పుడు కొనాలో ఇంటివారికి ముందుగానే తెలుస్తుంది.

9.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. పిల్లల పాద నిర్మాణాన్ని వివరించి, బూటు ఎంపికపై దాని ప్రభావాన్ని తెలపండి.
2. "ఒక సైజు పెద్ద బూటు కొనడం పొదుపు" అనే అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
3. మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఉన్న ముగ్గురు పిల్లల పాదాలను, వారి బూట్ల లోపలి పొడవును కొలిచి, మీ పరిశీలనలను ఒక పేజీలో రాయండి.